మన తెలుగు సంఘం వార్షిక నివేదిక (2024–25)

సభ్యులకు, పెద్దలకు, ఆడపడుచులకు నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు క్లాసు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వాటిని మీరంతా చూశారు కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈసారి చెప్పుకోవాల్సింది సముద్ర తాబేళ్ల కాపలా గురించే.

2024లో ఒడిశాలో మన రుషికుల్య నది సముద్రంలో కలిసే ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి తాబేళ్లు గుంపుగా రాలేదు. ఆ ఏడు మన పొడంపేట, గోఖరకుడ ఊళ్ల పెద్దలు ఎంత దిగులుపడ్డారో నాకు తెలుసు. 2025 ఫిబ్రవరి మధ్యలో మాత్రం ఇసుక కనబడనంతగా వచ్చాయి. పది రోజుల్లో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టినట్టు లెక్క తేలింది. అప్పటిదాకా ఇక్కడ ఇంత సంఖ్య లేదు.

అసలు పని ఏప్రిల్‌లో పడింది. ఒక్కో తల్లి నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. 50 రోజులు అటూ ఇటూగా పిల్లలు ఇసుక తోసుకుని పైకి వస్తాయి. చీకట్లో సముద్రం మీది వెలుగు చూసి అవి నీళ్లవైపు నడుస్తాయి. రోడ్డు దీపాలు కనబడితే ఊరివైపు తిరుగుతాయి, తెల్లారేసరికి కుక్కల పాలూ కాకుల పాలూ అవుతాయి. అందుకని మన వాళ్లు ఇచ్చిన పాత వలలు ఊరివైపు అడ్డంగా కట్టాం. టార్చీలకు ఎర్ర కాగితం చుట్టాం. వలకు తగులుకున్న పిల్లల్ని ఆడవాళ్లు బకెట్లలో ఎత్తుకెళ్లి నీటి అంచున వదిలారు. పిల్లలు బయటికొచ్చిన ఆ రాత్రి ఎన్ని బకెట్లు మోశామో చివరికి లెక్కపెట్టడం మానేశాం. సంఘం పెట్టాక ఇంత సంతోషంగా నేను ఏ రాత్రీ మేలుకోలేదు.

ఇక బాధ కూడా చెప్పాలి. కాపలాకు పేర్లిచ్చినవారు 42 మంది, వరసగా వచ్చినవారు 9 మంది. పిల్లలు పైకొచ్చే ఆ కొద్ది రాత్రులు రోడ్డు దీపాలు ఆర్పమని మూడు అర్జీలు పెట్టాం, ఒక్కదానికీ జవాబు రాలేదు. నది సముద్రంలో కలిసే చోట 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేట నిషేధం. మన చిన్న పడవలవాళ్లు దాన్ని పాటించి ఇంట్లో కూర్చుంటే, పెద్ద మరబోట్లు అక్కడే వల లాగుతున్నాయి. తాబేలు ఊపిరికి పైకి రావాలి, వలలో చిక్కితే మునిగి చస్తుంది. ఒడ్డున పడ్డ కళేబరాలు ఈ శీతాకాలంలోనూ చూశాం. కట్టుబడినవాడి కడుపు మాత్రమే ఎందుకు కాలాలి?

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. టార్చీలు, వాటి సెల్లులు, టీ పోను కొద్దిగా మిగిలింది.

వలలు ఇచ్చినవారికి, రాత్రిళ్లు టీ కాచిన అక్కలకు, బకెట్లు మోసిన పిల్లలకు, ఒడియా మిత్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు. నవంబరు కాపలా పట్టిక గుమ్మం దగ్గర బల్లమీద ఉంది. వెళ్లేముందు పేరు రాయండి, రాగలిగే రాత్రులకే రాయండి.

కార్యదర్శి