కార్డు లేని సాక్షుల తరఫున: సమాచార శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాచార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను 20 ఏళ్లకు పైగా పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంటర్నెట్‌లో వార్తలు పెట్టేవాళ్లు ముందుగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, లైసెన్సు ఉన్నవాళ్లే రాయాలి అనే మాట ఈమధ్య అధికారుల నోట తరచూ వినిపిస్తోంది. అది విన్నప్పుడల్లా నాకు ఒకామె గుర్తొస్తుంది. ఈ ఉత్తరం ఆమె వల్లే రాస్తున్నాను.

ఆమె విలేకరి కాదు. తన ఇంటి వెనక కాలువలోకి రాత్రిపూట ట్యాంకర్లు రసాయనాలు వదులుతుంటే ఫోన్‌లో వీడియో తీసి మా డెస్క్‌కు పంపింది. దాన్ని సరిచూసింది నేనే. ఒరిజినల్ ఫైల్ తెప్పించుకుని తేదీ, సమయం చూశాను. గోడలు, కరెంటు స్తంభాలు అదే చోటి పాత ఫొటోలతో పోల్చాను. ఆమెతో మూడుసార్లు మాట్లాడాను. అన్నీ సరిపోయాక మొదటి పేజీలో ఫొటోతో వేశాం. ఆమె పేరు వేయలేదు. కానీ ఏ మేడ మీద నుంచి తీశారో ఆ ఫొటో చూస్తేనే తెలిసిపోయింది, అది మాకు తట్టలేదు. వారం తిరక్కుండా పోలీసులు వచ్చి ఆమె ఫోన్ పట్టుకెళ్లారు. "పత్రికకు పంపానండి" అని చెబితే, "ఏదీ, ప్రెస్ కార్డు చూపించు" అన్నారట.

మా సంస్థను అడిగితే, ఆమె మా ఉద్యోగి కాదని జవాబిచ్చింది. అది నిజమే. అదే వార్త మా స్టాఫ్ రిపోర్టర్ తెచ్చి ఉంటే లాయరును పెట్టేవాళ్లు, సంఘాలు ధర్నా చేసేవి. ఆమె కోసం ఎవరూ కదల్లేదు. ఆ రోజు మీటింగులో నేనూ నోరు విప్పలేదు. ఆమె తరఫున ఇప్పుడైనా మాట్లాడాలనిపించింది.

మంత్రి గారూ, పౌర జర్నలిజం (విలేకరులు కాని మామూలు జనమే వార్తలు అందించడం) అనే మాట కొత్తగా వినిపించవచ్చు కానీ డెస్క్‌లో ఉన్నవాళ్లకు అది ఎప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చిందో బాగా గుర్తుంటుంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఆ తీరాల్లో టీవీ కెమెరాలు లేవు. ప్రపంచం చూసిన ఆ అలలను ఎక్కువగా తీసింది సెలవులకు వెళ్లిన పర్యాటకులు, ఒడ్డున ఉన్న మామూలు జనం. 2005 జులై 7న లండన్ మెట్రో రైళ్లలో బాంబులు పేలినప్పుడు సొరంగంలోకి ఏ ఫొటోగ్రాఫరూ వెళ్లలేడు. లోపల చిక్కుకున్న ప్రయాణికులే పొగలో నడుస్తూ ఫోన్లలో తీశారు. ఆ ఫొటోలే మర్నాడు పత్రికల్లో వచ్చాయి.

అంతకుముందే, 2000 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలో ఓమైన్యూస్ అనే వెబ్ పత్రిక "ప్రతి పౌరుడూ విలేకరే" అంటూ 727 మంది మామూలు మనుషులతో మొదలైంది. వాళ్లు పంపింది పంపినట్టు వేయలేదు, ఎడిటర్లు చూసి దిద్దేవారు. 2008లో కెన్యాలో ఎన్నికల తర్వాత హింస చెలరేగితే, జనం పంపిన ఎస్ఎంఎస్‌లను మ్యాపు మీద పెట్టడానికి ఉషాహిదీ అనే వెబ్‌సైట్ పుట్టింది. స్వాహిలీ భాషలో ఆ మాటకు సాక్ష్యం అని అర్థం. నా మటుకు నాకు ఈ పని మొత్తానికీ అంతకంటే మంచి పేరు కనబడలేదు.

2020 మే 25 సంగతి మీకు తెలిసే ఉంటుంది. అమెరికాలోని మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద నలిగి చనిపోయాక పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటనలో అది ఆరోగ్య సమస్య వల్ల జరిగిన మరణంలా ఉంది. మెడ మీద మోకాలు అన్న మాటే అందులో లేదు. రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో తీసిన 17 ఏళ్ల డార్నెలా ఫ్రేజియర్ ఆ రాత్రి వీడియో పెట్టకపోతే, మాలాంటి డెస్క్‌లు ఆ ప్రకటననే నాలుగు లైన్ల వార్తగా వేసేసి ఉండేవి. నేను అలాంటి ప్రకటనలు ఎన్నో వేశాను కాబట్టి చెబుతున్నాను. 2021లో అమెరికా పత్రికా రంగంలో పేరున్న అవార్డులిచ్చే పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక గౌరవం ప్రకటించింది. మరోవైపు, చైనాలోని వుహాన్ నుంచి కరోనా తొలి రోజుల వీడియోలు పెట్టిన మాజీ లాయర్ ఝాంగ్ ఝాన్‌కు 2020 డిసెంబర్‌లో నాలుగేళ్ల జైలు పడింది. ఇద్దరి దగ్గరా కార్డు లేదు.

మీ అధికారులు తప్పుడు వార్తల గురించి చెబుతారు. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో జనమే డిటెక్టివులై, అప్పటికే కనిపించకుండా పోయిన ఒక కుర్రాడిని నిందితుడని ప్రచారం చేశారు. అతనికి ఆ పేలుళ్లతో ఏ సంబంధమూ లేదు. తర్వాత అతని శవం దొరికింది. కొడుకు ఏమయ్యాడో తెలియక ఏడుస్తున్న ఆ తల్లిదండ్రులు అన్ని తిట్లు ఎందుకు పడాలి? ఒకరి పరువు తీసినా, హింసకు రెచ్చగొట్టినా దానికి చట్టం ఉండాల్సిందే. ఆ చట్టం కార్డు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకేలా వర్తించాలి. కానీ లైసెన్సు ఆ తప్పును ఆపదు. అబద్ధం పుట్టించేవాడు లైసెన్సు కోసం ఆగడు. భయపడి ఆగిపోయేది కాలువ పక్కన ఉన్న ఆమే.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2011లో భావ ప్రకటన స్వేచ్ఛ మీద ఇచ్చిన 34వ సాధారణ వ్యాఖ్యను ఒకసారి తెప్పించుకుని చూడండి. జర్నలిజం అంటే పూర్తికాలపు విలేకరులే కాదు, బ్లాగర్లు, సొంతంగా ప్రచురించుకునేవాళ్లు కూడా పంచుకునే పని అని 44వ పేరాలో ఉంది. జర్నలిస్టులందరికీ ప్రభుత్వ రిజిస్ట్రేషనో లైసెన్సో పెట్టడం భావ ప్రకటన స్వేచ్ఛకు పొసగదనీ అక్కడే ఉంది. కొన్ని చోట్ల ప్రత్యేకంగా లోపలికి అనుమతించాల్సి వచ్చినప్పుడు, అవసరమైన మేరకే అక్రిడిటేషన్ (విలేకరిగా గుర్తింపు కార్డు) ఉండవచ్చంది. అంటే కార్డు ఒక గేటు దాటడానికి. చూసింది చెప్పడానికి కాదు.

నేను అడిగేది కూడా అదే. రక్షణ కార్డుకు కాకుండా పనికి ఇవ్వండి. ప్రజలకు సంబంధించిన విషయాన్ని చూసి, తీసి, నిజాయితీగా చెప్పినవాళ్లు ఎవరైనా సరే, విలేకరికి ఉన్న రక్షణ వాళ్లకూ ఉందని చట్టంలో రాయండి. అన్నిటికంటే ముందు ఫోన్ సంగతి తేల్చండి. సాక్షి ఫోన్ పట్టుకెళ్లడం అంటే ఆమె కెమెరా, పరిచయాలు, బ్యాంకు, పిల్లల ఫొటోలు అన్నీ పట్టుకెళ్లడమే. ఆ టెన్షన్ ఎలాంటిదో ఆమె గొంతులో విన్నాను. కోర్టు ఉత్తర్వు లేకుండా ఫోన్ తీసుకోకూడదు. కేసుకు వీడియో కావాలంటే ఆమె ఎదుటే కాపీ తీసుకుని ఫోన్ ఇచ్చేయవచ్చు.

ఇంకొకటి. 2017లో యూట్యూబ్ కంప్యూటర్ ప్రోగ్రాముల సాయంతో హింసాత్మక వీడియోలను ఏరేస్తుంటే, సిరియా యుద్ధ నేరాలకు సాక్ష్యాలైన వీడియోలు వేల సంఖ్యలో మాయమయ్యాయి. తీసేయమని మీ శాఖ ఆదేశించే ప్రతి వీడియోకూ ఒక కాపీని కోర్టు అధీనంలో భద్రపరచే ఏర్పాటు ఉండాలి. పెట్టినవాళ్లకు కారణం చెప్పాలి, అప్పీలుకు అవకాశం ఇవ్వాలి.

కొత్త నిబంధనలు రాసేముందు పత్రికల యజమానులను, జర్నలిస్టు సంఘాల నాయకులను మీ శాఖ సంప్రదింపులకు పిలుస్తుంది. ఈసారి మెడలో ఏ కార్డూ లేనివాళ్లను కొందరిని కూడా పిలవండి. ఆమెకు ఫోన్ 11 నెలలకు తిరిగొచ్చింది, అందులో ఆ వీడియో లేదు. మా డెస్క్‌కు పంపిన కాపీ మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. ఆమె వస్తానంటే, దాన్ని పట్టుకుని నేనూ వెంట వస్తాను.

ఇట్లు,
ఒక మాజీ సబ్ ఎడిటర్