ఎనుమాముల యార్డులో డీజిల్ పొగకు ప్లాస్మా ప్రయోగం: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పాలిటెక్నిక్ పిల్లలకు డీజిల్ ఇంజన్ల పాఠం చెప్తాను. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో లారీల పొగ గురించి, దాన్ని ప్లాస్మాతో శుభ్రం చేసే ప్రయోగం గురించి మీతో ఒక మాట చెప్పుకోవాలని రాస్తున్నాను.

మిర్చి సీజన్‌లో ఒక్కసారి యార్డుకు రండి. కాంటా అయిన బస్తాలు లారీకెక్కుతుంటాయి, కానీ లారీ ఇంజన్ మాత్రం ఆగదు. ఆపితే మళ్లీ సెల్ఫ్ అందుకోదేమోనని డ్రైవర్ టెన్షన్. పైగా లైన్ ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. ఆ వెనకాలే హమాలీలు ముక్కుకు తువ్వాల కట్టుకుని బస్తాలు మోస్తుంటారు. దగ్గొస్తే మిర్చి ఘాటు అనుకుంటారు. మధ్యాహ్నం ఆ తువ్వాల విప్పి చూస్తే ముక్కు దగ్గర నల్లటి మరక ఉంటుంది. మిర్చి మరకైతే ఎర్రగా ఉండాలి కదా! అది డీజిల్ మసి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేల్చి చెప్పింది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు బీఎస్-6 అనే కఠినమైన పొగ పరిమితులు వచ్చాయి, మంచిదే. కానీ యార్డులో పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొత్త లారీల్లో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులను తగ్గించడానికి యూరియా ద్రావణంతో పనిచేసే క్యాటలిస్టుకు (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థానికి) కూడా పొగ సుమారు 200 డిగ్రీలు దాటితేనే సత్తువ. గంటల తరబడి ఐడిల్‌లో నిలబడ్డ లారీకి ఆ వేడి ఎక్కడిది?

చల్లటి పొగలోనూ పనిచేయడమే ప్లాస్మా గొప్పతనం. ప్లాస్మా అంటే ఇక్కడ రక్తంలోది కాదు, కరెంటు దెబ్బకు ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు. పొగ వెళ్లే దారిలో రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య గాజు లేదా సిరామిక్ పొర పెట్టి వేల వోల్టుల కరెంటు ఇస్తారు. పొగ వేడెక్కదు, ఎలక్ట్రాన్లు మాత్రం శక్తి పుంజుకుని ఆక్సిజన్, నీటి ఆవిరి అణువులను విరగ్గొడతాయి. అలా పుట్టిన చురుకైన కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. మామూలు ఆక్సిజన్‌తో మసి కాలాలంటే 600 డిగ్రీలకు దగ్గర్లో వేడి కావాలి. ఈ నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటే అంతకంటే చాలా తక్కువ వేడికే కాలుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో డీజిల్ ఇంజన్ పొగ మీదే ఈ పరిశోధన చాలా ఏళ్లు జరిగింది.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ప్లాస్మా ఒక్కటే బిగిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ బయటికి వచ్చేస్తుంది. ఊపిరితిత్తులకు అది నైట్రిక్ ఆక్సైడ్ కంటే చెడ్డది. వెనక క్యాటలిస్టో, దాన్ని పీల్చుకునే పదార్థమో తప్పక ఉండాలి. కరెంటు కూడా ఇంజనే ఇవ్వాలి కాబట్టి డీజిల్ కొంత ఎక్కువ తాగుతుంది. అందుకే ఎవరో ఒక డబ్బా తెచ్చి అమ్మితే కొనేయకండి. ముందు కొలిపించండి.

కొలవడానికి మనకు దూరం పోవాల్సిన పని లేదు. 1959లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ ఈ రోజు ఎన్‌ఐటీగా ఊళ్లోనే ఉంది. మొదట మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లోని ఒక జనరేటర్ మీద పెట్టి చూడమనండి. అది కదలదు, పరికరం బరువైనా ఇబ్బంది లేదు, గొట్టం దగ్గర నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి రెండూ రోజూ కొలవొచ్చు. డీజిల్ ఎంత ఎక్కువైందో కూడా లెక్క తేలుతుంది. అది నిలబడితే ఆర్టీసీ పాత బస్సుకు, ఆ తర్వాత లారీలకు పోవచ్చు.

ఇంకో సంగతి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్గొండ లాంటి ఊళ్లు ఉన్నాయి, వరంగల్ లేదు. జాబితాలో లేమని యార్డు గాలిని కొలవకుండా వదిలేయొద్దు. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) చేత అక్కడ గాలిని కొలిచే ఒక మానిటర్ పెట్టించండి.

ప్రయోగం ఫలితం వచ్చేదాకా హమాలీలు ఆ పొగ పీల్చక్కర్లేదు. లారీలకు టోకెన్లు ఇచ్చి, వంతు వచ్చేదాకా ఇంజన్ ఆపి ఉంచాలని మార్కెట్ కమిటీకి ఒక్క ఆర్డర్ ఇస్తే చాలు, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. వచ్చే మిర్చి సీజన్ మొదలయ్యేలోపు ఎన్‌ఐటీ వాళ్లను, పీసీబీని, మార్కెట్ కమిటీని, హమాలీ సంఘాలను ఒకచోట కూర్చోబెట్టండి. ఆ మీటింగు తేదీ ఎప్పుడో మీ కార్యాలయం ప్రకటిస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ లెక్చరర్, వరంగల్