ఆంపులేరియా లోడ్ వెనక్కి పంపేశాం

ఆంపులేరియా (కూజాల్లాంటి ఆకులతో పురుగుల్ని పట్టి తినే నెపెంథిస్ మొక్కల్లో ఒక రకం) బుక్ చేసుకున్నవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, ఈ విడత మొక్కలు రావు. లోడ్ కడియం దాకా వచ్చింది. విప్పి చూసి, మళ్లీ కట్టించి పంపేశాను. అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఈ వారంలోనే డబ్బు వెనక్కి వేస్తాం. పర్వాలేదు, ఉంచండి అన్నవాళ్లకు వచ్చే విడతలో సర్దుతాం. ఎప్పుడొస్తుందని మాత్రం అడక్కండి, నా చేతిలో లేదు.

ల్యాబ్ మొక్కలు ఎలా వస్తాయో మీలో చాలామందికి తెలుసు. అన్నీ ఒకే ఈడువి, ఆకులు నున్నగా ఉంటాయి, వేరు చుట్టూ కోకోపీటో నాచో ఉంటుంది. ఈ పెట్టెలో ఉన్నవి అలాంటివి కావు. బొటనవేలంత లావు ముదురు కాండాలు, వాటి మీద కత్తితో నరికిన గాట్లు. ఆకులకు పురుగు కొరికిన చిల్లులు, ముదురాకుల మీద బూడిదరంగు పాచి. సగం వేర్లు తెగిపోయాయి, మిగిలిన వాటికి నల్లటి బురదమట్టి. ఒక కూజాలో ఎక్కడివో ఎండుటాకులు కూడా అలాగే ఉన్నాయి. ఆంపులేరియా పురుగులతో పాటు పైనుంచి రాలే ఆకుల్ని కూడా కుళ్లబెట్టుకుని తినే రకం. చెట్ల నీడన నేల మీద గుంపుగా కూజాలు పరుచుకుని ఉండేది అందుకే. మా షేడ్ నెట్ కింద ఎండుటాకులు ఎవరు వేస్తారు? ఆ మొక్క ఏ మలేసియా అడవిలోనో, బోర్నియో చిత్తడిలోనో పుట్టి పెరిగింది. అక్కడివాళ్లు ఆ కూజాల్లో బియ్యం పోసి ఆవిరికి ఉడికించుకుని తింటారు కూడా.

సప్లయర్‌ను కాగితాలు అడిగాను. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఫొటో పంపాడు. అది మొక్కకు తెగులు లేదని చెప్పే కాగితమే తప్ప ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది కాదు. పైగా మట్టితో సహా మొక్కను మన దేశంలోకి తేకూడదు. నెపెంథిస్ జాతులన్నీ సైటిస్ (అడవి మొక్కలు, జంతువులను దేశాల మధ్య అమ్మడాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కిందికి వస్తాయి కాబట్టి ఎగుమతి పర్మిట్ ఉండాలి. అందులో మొక్క మూలాన్ని ఒక్క అక్షరంతో రాస్తారు: పెంచిందైతే 'ఏ', అడవిదైతే 'డబ్ల్యు'. ఆ పర్మిట్ చూపించమన్నాను. అంతే, ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆంపులేరియా అరుదైన మొక్కేం కాదు, ఆగ్నేయాసియాలో చాలాచోట్ల ఉంది. 'డబ్ల్యు' అని రాసి ఉన్నంత మాత్రాన చట్టవిరుద్ధమూ కాదు. సైటిస్ రెండో అనుబంధంలోని జాతుల్ని, అడవికి నష్టం లేదని అక్కడి ప్రభుత్వం తేల్చితే, పర్మిట్‌తో అమ్మొచ్చు. మరి ఎందుకు వెనక్కి పంపావంటే, పర్మిట్ చూపించలేని మనిషి దగ్గర ఇవాళ ఆంపులేరియా కొంటే, రేపు అతను తెచ్చే రెండో రకం ఏమిటో నాకు తెలియదు. ఆ రెండో రకం గురించే నా టెన్షన్.

మీ మెసేజ్‌ల్లో ఎక్కువగా వచ్చేది ఖాసియానా. "ఫలానా చోట ఇంతకే ఇస్తున్నారు, మీరెందుకు పెట్టరు?" అని. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ అదొక్కటే, అదీ మేఘాలయ వైపే. గారో కొండల్లోని బాఘ్‌మారాలో దాని కోసమే ఒక అభయారణ్యం పెట్టారు, మొత్తం 0.02 చదరపు కిలోమీటర్లు. మా కడియంలో అంతకన్నా పెద్ద నర్సరీలున్నాయి. సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పేరు పెట్టి కాపాడుతున్న కొద్దిపాటి మొక్కల్లోనూ ఉంది. అదే జాబితాలో మన శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీ కూడా ఉంది. ఆ జాబితాలోని మొక్కను అడవి నుంచి పీకడమే కాదు, లైసెన్స్ లేకుండా పెంచడం, అమ్మడం కూడా నేరమే. మీకు అంత చవగ్గా ఇస్తున్నవాళ్లను లైసెన్స్ నంబర్ అడిగి చూడండి. ఏం సమాధానం వస్తుందో నాకూ చెప్పండి.

నెపెంథిస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. ఒక కొండ వాలు మీద పూతకొచ్చిన మొక్కలు పాతిక ఉంటే, అందులో బాగా ఎదిగిన ఏడెనిమిది పీకితే చాలు, మిగిలినవాటికి జత కుదరక గింజ పట్టకపోవచ్చు. చూడ్డానికి మొక్కలు అక్కడే ఉంటాయి, కొత్త మొలకలే రావు. సంచి నింపుకెళ్లేవాడికి కావలసింది ఎప్పుడూ పెద్ద మొక్కే. అది మన దాకా వచ్చేసరికి వేరు తెగి ఉంటుంది. నెపెంథిస్ వేరు నల్లగా, సన్నగా, పుటుక్కున విరిగే రకం. కదిలిస్తేనే అలుగుతుంది. కాబట్టి కొన్నవాడికీ మిగిలేది ఉండదు.

"ఎలాగూ బొగ్గు గనుల కింద పోయేవే కదా, మనం తెచ్చుకుంటే బతుకుతాయి" అని ఖాసియానా గురించి ఒకాయన రాశారు. జైంతియా కొండల్లో గనుల దెబ్బ నిజమే. కానీ కాపాడటమంటే అటవీశాఖ అనుమతితో తీసి, ఎక్కడిదో రాసిపెట్టి, పెంచగలిగిన సంస్థకు అప్పగించడం. రేటు కట్టి కొరియర్‌లో పంపేదాన్ని కాపాడటం అనరు. ఇండోనేసియాలోని పశ్చిమ కాలిమంతాన్‌లో కెలాం అనే ఒంటి రాతి కొండ ఉంది. నెపెంథిస్ క్లిపియాటా ఆ కొండ మీద తప్ప ఇంకెక్కడా లేదు. 1928లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడది అంతరించే అంచున ఉంది. మంటలూ ఒక కారణమే అయినా, మొక్కల పిచ్చి ఉన్నవాళ్ల పాపం అందులో పెద్ద వాటా. వాళ్లూ మనలాంటి వాళ్లే, మొక్కంటే ప్రాణం అనేవాళ్లే.

మాకు మిగిలిన దారి టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచి కొత్త మొక్కలు పెంచడం), విత్తనం, కొమ్మ కటింగ్. ఖాసియానాను టిష్యూ కల్చర్‌లో పెంచొచ్చని కేరళలోని పాలోడ్ బొటానిక్ గార్డెన్ వాళ్లు 1994లోనే చూపించారు. కాబట్టి అడవి మొక్క తప్ప గతి లేదు అనడానికి లేదు. లైసెన్స్ పెట్టుకుని మనమూ చేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. కాగితాల పనికి ఒక మనిషిని పెట్టేంత వ్యాపారం మాది కాదు. ల్యాబ్ మొక్కలకు హార్డెనింగ్ చేయాలి, అంటే బయటి గాలికీ ఎండకీ మెల్లగా అలవాటు చేయాలి, కొన్ని పోతాయి, పాలీహౌస్ కరెంటు బిల్లు ఉంటుంది. అందుకే ఆంపులేరియా ల్యాబ్‌ది మళ్లీ వచ్చినప్పుడు ఇప్పటి బుకింగ్ రేటుకు రాదు, రెట్టింపు దాకా ఉండొచ్చు. పాత బుకింగ్‌లు ఉంచినవాళ్లకు పాత రేటే. వెంట్రాటా, మిరాండా అనే నెపెంథిస్ సంకర రకాలు మాత్రం మా సొంత మదర్ ప్లాంట్ల కటింగ్‌లే కాబట్టి వాటి రేటు మార్చడం లేదు.

ఆకులు మూసి పురుగుల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్ గురించి కూడా అడుగుతున్నారు. మా దగ్గరున్నవి టిష్యూ కల్చర్‌వే. అడవిలో అది అమెరికాలోని రెండు కరోలినా రాష్ట్రాల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. నార్త్ కరోలినాలో దాన్ని దొంగిలించడాన్ని 2014 డిసెంబరు నుంచి పెద్ద నేరంగా చేశారు. మరుసటి నెలలోనే నలుగురు వెయ్యికి దగ్గరగా మొక్కలతో పట్టుబడ్డారు. కుండీ చవగ్గా దొరుకుతున్నా దొంగతనం ఆగలేదు చూడండి. ఇంకో సంగతి, దానికి చలికాలం నిద్ర కావాలి. రాజమండ్రి, విజయవాడ వాళ్లు కొనకపోవడమే మంచిది. అమ్మేవాడిగా నేనే చెబుతున్నాను.

చివరగా డ్రోసిరా, ఆకుల మీది జిగురుతో పురుగుల్ని పట్టే చిన్న మొక్కలు. మన తూర్పు కనుమల్లో, తెలంగాణలోనూ వానలు పడ్డాక తడి ఇసుక నేలల్లో ఎర్రగా, రూపాయి బిళ్లంత కనిపించే బర్మానీ, సన్నగా నిలువుగా పెరిగే ఇండికా మన మొక్కలే. చట్టం జాబితాలో లేవు కదా అని కొందరు దోసిళ్లకొద్దీ పీకి, "కొంటారా?" అని ఫొటోతో పాటు లొకేషన్ కూడా పంపుతున్నారు. కొనం. ఇండికా ఏడాది మొక్క, గింజ రాలకముందే పీకేస్తే మరుసటి వానకు అక్కడ మొలిచేది తగ్గిపోతుంది. ఆ లొకేషన్లు నేను ఎవరికీ పంపను, చూసిన వెంటనే తీసేస్తున్నాను. మీరూ గ్రూపుల్లో పెట్టకండి.

బర్మానీ కావాలంటే మా దగ్గర ట్రేల్లో ఉంది. మేం పెంచిన మొక్కల గింజల నుంచే, తరం తర్వాత తరం వస్తున్నది. తనంతట తనే గింజ కడుతుంది, కాబట్టి తెచ్చుకున్నవాళ్లు మళ్లీ మా దగ్గర కొనక్కర్లేదు. చిన్న కుండీ 120 రూపాయలు, కొరియర్ అదనం. ఆదివారం చిక్కుకోకుండా సోమ, మంగళవారాల్లోనే పంపుతున్నాం.