నెల పిల్లను షో ధరకు ఇక అమ్మం

మా దగ్గర చిలకముక్కు పొడుగుతోక కోళ్ళు కొన్నవాళ్ళకూ, ఈ సీజన్‌లో పిల్లలు కావాలని అడుగుతున్నవాళ్ళకూ ముందే ఒక మాట. నెల పిల్లల్ని ‘షో పిల్లలు’ (పెద్దయ్యాక కోళ్ళ ప్రదర్శన పోటీల్లో నిలబడతాయనుకునేవి), ‘మామూలు పిల్లలు’ అని విడదీసి రెండు రేట్లకు అమ్మడం ఆపేస్తున్నాం. ఏ జతకు పుట్టినా నెల పిల్ల రెండు వేలే. షోలో నిలబెట్టే కోడే కావాలంటే పది నెలలు దాటినదాన్నే ఇస్తాం. దాని ధర మీరు పక్షిని కళ్ళారా చూశాకే మాట్లాడుకుందాం.

దీనివల్ల మాకు ఆదాయం తగ్గుతుంది. మా ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు. కానీ పోయిన శీతాకాలం పోటీలు అయిపోయాక వచ్చిన ఫోన్లు ఎత్తింది నేను. ‘అక్కా, ముక్కు బాగుంది, తోక ఏది?’ అని అనంతపురం వైపు నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. నెల పిల్లగా తీసుకెళ్ళి, ఏడాదిన్నర పాటు బాదం పప్పు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టి సాకాడు. డేగ పుంజు, అంటే ఎర్ర రంగుది. ముక్కు లావుగా, కిందికి వంగి చక్కగా ఉంది. మెడ బాగుంది. తోక మాత్రం మోకాలి దగ్గరే ఆగిపోయింది. పోటీలో మొదటి చూపులోనే పక్కన పెట్టేశారట. సగం డబ్బు వెనక్కి ఇవ్వమన్నాడు. దాని తండ్రి పుంజు తోక రెండు అడుగుల పైమాటే, దాన్ని అతనూ చూసి వెళ్ళాడు. మేము అబద్ధం చెప్పలేదు, అతను సాకడంలో లోపమూ లేదు. అయినా అన్నాళ్ళ కష్టం పోయింది కదా, కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఈ రకం ఎలా పెరుగుతుందో తెలిస్తే ఈ గొడవలు సగం తగ్గుతాయి. కొత్తగా దిగేవాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను.

ఇవి పందేలకు పేరుపడ్డ అసీల్ జాతిలోవే, కానీ ఇవి పందెం కోళ్ళు మాత్రం కావు. తమిళనాట వీటిని కిళిమూక్కు (చిలకముక్కు), విసిరివాల్ (విసనకర్ర తోక) అంటారు. దిండిగల్ వైపు ఎప్పటినుంచో వీటికి ప్రదర్శనలు పెడుతున్నారు. మన ప్రకాశం, కడప, కర్నూలు వైపు కూడా ఇప్పుడు మోజు బాగా పెరిగింది. వంగిన ముక్కుతో పొడవలేవు, పట్టలేవు, అంత తోక వేసుకుని ఎగరలేవు. పోటీలో చూసేది ముక్కు, తల, కన్ను, మెడ, తోక, కాళ్ళు, నిలబడే తీరు. సంక్రాంతి ముందు ‘మీ పుంజు బరిలోకి పనికొస్తుందా’ అని అడిగేవాళ్ళకు ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్తున్నాను. పనికిరాదు. పందెం చట్టవిరుద్ధం అన్నది ఎలాగూ ఉంది. అందుకోసం అడిగితే వేరే కోడి కూడా మేము అమ్మం.

నెల పిల్లలో తెలిసేది చాలా తక్కువ. ముక్కు మొదలు వెడల్పు, తల ఆకారం, కాలి ఎముక లావు, వేళ్ళు నిటారుగా ఉన్నాయా లేదా, అంతే. ముక్కు వంపు రెండు మూడు నెలలకు కాస్త కుదురుతుంది. తల మీది జుట్టు (ఎర్రటి కండ) పరుచుకుంటుందా, చిన్న బుడిపెగా ఆగుతుందా అన్నది ఇంకా తర్వాత తేలుతుంది. తెల్లకన్ను కావాలని అందరూ అడుగుతారు, కానీ చిన్నప్పుడు కన్ను పసుపుగానో మసకగానో ఉండి, తెల్లబడటానికి ఏడాది దాకా పడుతుంది. ఆరు నెలల పుంజు కన్ను పసుపుగా ఉందని వాపస్ ఇస్తానన్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ను ఆగమని బతిమాలాను. ఇప్పుడు అదే కోడి ఫొటో ఆయన డీపీలో ఉంది.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది తోక. అయిదారు నెలలకు పెద్ద ఈకలు మొదలవుతాయి. ఒకసారి పూర్తిగా ఈక రాల్చి కొత్తది వేసుకున్నాక, అంటే ఏడాదిన్నర దగ్గర, అసలు పొడవు బయటపడుతుంది. అప్పటిదాకా ఎవరు ఏం చెప్పినా అంచనాయే. మా దగ్గరున్న మంచి జతకే ఒక పొదుగులో పది పిల్లలు లేస్తే, షోకి నిలబడేవి ఒకటో రెండో. ఒక్కో పొదుగులో అదీ ఉండదు. తోక పొడవు, ముక్కు వంపు, ఎత్తు, కన్ను అన్నీ ఒకే పిల్లలో కలవడం అంత తేలిక కాదు. ఆ ఒకటీ రెండూ ఏవో నెల వయసులో నాకు తెలిస్తే, వాటిని అసలు అమ్ముతానా?

మీకు పెద్దగా ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. తోక పొడవులో తల్లి వాటా కూడా ఉంటుంది, కానీ పెట్టను చూస్తే అది కనిపించదు. అందుకే పెట్టను కొనేటప్పుడు దాని అన్నదమ్ముల్ని చూపించమని అడగండి. చూపించలేని చోట పెట్టకు ఎక్కువ డబ్బు పెట్టొద్దు. అలాగే ‘ఒకే తల్లి పిల్లలు, జతగా ఇవ్వండక్కా’ అని అడుగుతారు. బ్రీడింగ్‌కైతే ఇవ్వం. అన్నాచెల్లెళ్ళను కలుపుకుంటూ పోతే గుడ్లకు పిల్లలు సరిగా లేవవు, లేచినవి బలంగా ఉండవు. వేరే జతకు పుట్టిన పెట్టను కలిపి ఇస్తాం, ధర అదే.

ఇక కొనడంలో జరిగే మోసాల గురించి. మేము కూడా వేరేవాళ్ళ దగ్గర కొంటాం కాబట్టి ఇది మా కడుపుమంట కూడా. కొత్త రక్తం కోసం తమిళనాడులో ఒక బ్రీడర్ దగ్గర పుంజును తీసుకున్నాం. పేరు చెప్పను. వీడియోలో తోక నేల మీద జీరాడుతోంది. రాత్రి బస్సు దిగిన పెట్టెను స్టాండులోనే ఫోన్ లైటు వేసి తెరిచాం. కోడి హుషారుగానే ఉంది. తోకలో పొడుగు ఈకలన్నీ మొదలు దగ్గర చిట్లి, వంగి, పెట్టె చెక్కకు అతుక్కుని ఉన్నాయి. పెట్టె పొడవు కోడికి సరిపోయేదే, తోకకు కాదు. విరిగిన ఈక పెరగదు, మళ్ళీ రాల్చేదాకా ఆ మొండి అలాగే ఉంటుంది. ఆ రాత్రి మా ఆయన ఫోన్ చేసి తిట్టబోతే, వద్దు, పొద్దున మాట్లాడదాం అన్నాను. పొద్దున్నే ఫొటోలు పెట్టి, ‘వీడియో ఎప్పటిది, పెట్టె ఎవరు కట్టారు’ అని రెండే ప్రశ్నలు అడిగాం. వీడియో పోయిన ఏడాదిదని ఒప్పుకుని ధరలో కొంత తగ్గించాడు. ఆ రాత్రే తిట్టి ఉంటే ఫోన్ ఎత్తేవాడే కాదు. ఆ పుంజును ఉంచుకున్నాం. తర్వాతి ఈకకు తోక వచ్చింది. వీడియోలో చూసినంత మాత్రం రాలేదు.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా, మా దగ్గరైనా సరే, ఆ రోజు తీసిన వీడియోనే అడగండి. ఆ రోజు పేపరు పక్కన పెట్టి తీయమనండి. ఫోన్ నేల మీద పెట్టి పైకి తీస్తే ఏ కోడైనా ఆజానుబాహువే. గింజలు పైకి పట్టుకుని మెడ సాగదీయించి తీస్తారు. ముక్కును గోళ్ళు కత్తిరించేదానితో చెక్కి ఆకురాయితో నున్నగా చేసినవీ, పడిపోయిన తోక ఈకల్ని గమ్ముతో అతికించినవీ చూశాను. ఈక మొదలు దగ్గర వేలితో తడిమితే గమ్ము గట్టిగా తగులుతుంది. వయసు తగ్గించి చెప్తున్నారని అనుమానమైతే కాలి ముల్లు చూడండి. ఏడాది పుంజుకు అది పొట్టిగా ఉంటుంది. మూడేళ్ళదానికి పొడుగ్గా వంపు తిరిగి ఉంటుంది. తోక మీద మనసు పారేసుకున్నవాళ్ళు కాళ్ళ వైపు చూడరు, ఆ సంగతి అమ్మేవాళ్ళకు తెలుసు.

మా నియమాలు ఇవి. పెట్టె తెరిచిన రోజే వీడియో తీసి పంపండి. దారిలో చనిపోతే, కాలో రెక్కో విరిగితే, తోక విరిగితే పూర్తి బాధ్యత మాది. మరో పక్షిని ఇస్తాం, లేదా డబ్బు వాపస్. ఇప్పుడు పెద్ద పుంజులకు తోకను మెత్తని పాత లుంగీ గుడ్డలో చుట్టి, తోకతో కలిపి కొలిచి చేయించిన ప్లైవుడ్ పెట్టెలో పంపుతున్నాం. పెట్టె డబ్బులు వేరే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎంత బతిమాలినా పంపం.

వంకర తోక, అంటే వెన్ను దగ్గరే ఒక పక్కకు తిరిగిపోయిన తోక, కత్తెర ముక్కు, అంటే పైదీ కిందిదీ కలవకుండా పక్కకు పోయిన ముక్కు, ఇవి పుట్టుకతో వచ్చే లోపాలని లెక్క. ఆరు నెలల్లోపు ఎప్పుడు బయటపడినా పిల్లకు పిల్ల ఇస్తాం. వంకర వేళ్ళ విషయంలో కాస్త మాట్లాడుకోవాలి. అది పుట్టుకతోనైనా రావచ్చు, మేతలో విటమిన్ బీ2 తగ్గినా రావచ్చు. మా దగ్గర పిల్లకు మొదటి ఆరు వారాలూ స్టార్టర్ మేతే (చిన్న పిల్లల దాణా) పెడతాం. కొందరు ఇంటికెళ్ళగానే సజ్జలు, నూకల మీదికి మార్చేస్తున్నారు. నాటుకోడికి అది సరిపోతుందేమో, దీనికి సరిపోదు. రొమ్ము ఎముక వంకర పోయిందంటే మాత్రం పంజరంలో సన్న కర్ర పెట్టి చిన్న వయసులోనే ఎక్కించారని అర్థం. దానికి మార్పిడి లేదు. నాలుగు నెలలు దాటేదాకా నేల మీదే పడుకోనివ్వండి.

తోక పొట్టి, కన్ను తెల్లబడలేదు, ఎత్తు రాలేదు, పోటీలో రాలేదు, వీటికి డబ్బు వాపస్ ఉండదు. రెండు వేలకు ఇస్తున్నది అందుకే. అయితే ఏడాదిన్నర సాకి నిరాశపడ్డవాళ్ళకు తర్వాతి సీజన్‌లో ఒక పెట్ట పిల్లను సగం ధరకు ఇస్తాం. అనంతపురం తమ్ముడికి అలాగే ఇచ్చాం. అతని డేగ పుంజును అమ్మెయ్యొద్దని కూడా చెప్పాను. ముక్కు, మెడ అంత బాగున్నదాన్ని తోక బలమున్న వంశపు పెట్టతో కలిపితే, తండ్రిలో లేనిది పిల్లల్లో రావచ్చు. రాకపోనూవచ్చు. షోలో ఓడిన ప్రతి పుంజునూ కూరకు పంపేస్తే మన దగ్గర లైన్ (వంశం) అనేదే మిగలదు.

ఇక టీకాలు. ఇచ్చే నెల పిల్లకు కొక్కెర తెగులు టీకా చుక్కలు మొదటి వారంలో ఒకసారి, నాలుగో వారంలో ఒకసారి, మధ్యలో గంబోరో జబ్బు టీకా వేసి ఉంటాయి. ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ అనే సూది మీరే వేయించుకోవాలి. పశువుల ఆసుపత్రిలో అడిగితే చెప్తారు. ‘సూది వేస్తే పిల్ల నీరసపడుతుందేమో’ అని మానేసి, ఆ తెగులు సోకి మెడ తిరిగిపోయాక వీడియో పెడితే మేము చేయగలిగింది ఏమీ ఉండదు. కొత్త కోడిని తెచ్చిన రోజే పాతవాటిలో వదలకండి. మూడు నాలుగు వారాలు వేరే గూటిలో, వేరే నీళ్ళ గిన్నెతో ఉంచండి. మా కోడిని మీ ఊరి జబ్బు నుంచి కాపాడటానికీ, మీ కోళ్ళను మా వైపు జబ్బు నుంచి కాపాడటానికీ అదొక్కటే దారి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు డెలివరీలు ఆగి కొందరు కంగారుపడ్డారు. అలాంటి కబురు వస్తే మళ్ళీ ఆపుతాం. జబ్బు తేలిన చోట కిలోమీటరు లోపలి కోళ్ళన్నీ తీసేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. అలాంటప్పుడు పెట్టె పట్టుకుని బస్సెక్కడం మంచిది కాదు. అడ్వాన్స్ అడిగితే వెనక్కి ఇచ్చేస్తాం, టెన్షన్ పడొద్దు.

మా పెట్టలు విడతకు పది పదిహేను గుడ్లు పెడితే గొప్ప. అందుకే అందరికీ ఒకేసారి ఇవ్వలేం. దసరా తర్వాత గుడ్లు పొదిగిస్తాం, ఇరవై ఒక్క రోజులకు పిల్లలు, ఆ తర్వాత నెలకు మీ చేతికి. పెద్ద పుంజులు ఇప్పుడు ఈక రాల్చే పనిలో ఉన్నాయి, అందవికారంగా ఉన్నాయి. చూడటానికి వచ్చేవాళ్ళు కార్తీకంలో రండి. కంభం బస్టాండులో దిగి ఫోన్ చేస్తే మా ఆయన వచ్చి తీసుకొస్తారు. ఆదివారం పొద్దున్నే రండి, ఎండెక్కితే అవి నీడకు పోయి తోక ముడుచుకుంటాయి. చెప్పులు గేటు దగ్గరే వదలాలి. ఇంకో ఫారం చూసి అదే రోజు మా దగ్గరికి వస్తే లోపలికి రానివ్వం, ఏమీ అనుకోవద్దు.