8×10 ప్రింట్లు: ఇక మీరు చూడకుండా ఫొటో అంచులు కోయం

8×10 ప్రింట్లలో పాదాలు, జుట్టు కొసలు తెగిపోతున్నాయని చాలామంది అడుగుతున్నారు. తప్పు మాదే. కాగితానికి సరిపోని ఫైల్ వస్తే నడిమి భాగం ఉంచి రెండు కొసలూ సమానంగా కోసేసేలా సాఫ్ట్‌వేర్‌ని పెట్టి ఉంచాం. ఈ వారం నుంచి ఆపేశాం.

లెక్క ఇదీ. డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఎక్కువ వాటి ఫ్రేమ్ 3:2, అంటే పొడవు 3 పాళ్లయితే వెడల్పు 2 పాళ్లు. వెడల్పు 8 అంగుళాలకు తెస్తే పొడవు 12 వస్తుంది, కాగితం 10 దగ్గరే ఆగుతుంది. ఫొటోలో ఆరో వంతు పోయినట్టే. 4:3లో తీసిన ఫోన్ ఫొటోకి 8×10లో పోయేది తక్కువే. 4×6లో మాత్రం పొట్టి వైపు తొమ్మిదో వంతు పోతుంది.

చాలా ఫొటోల ప్రాణం ఆ అంచుల్లోనే ఉంటుంది. మనిషి ఎడమ పక్కన నిలబడి కుడికి చూస్తుంటే, ఆ చూపు ముందున్న ఖాళీయే ఫొటోకి తూకం. ఆ ఖాళీ తీసేస్తే ముఖం గోడకి ఆనుకున్నట్టు ఇరుకైపోతుంది. స్తంభాల వరుసలో చివరిది సగానికి తెగితే లయ అక్కడే విరుగుతుంది, కన్ను మళ్లీ మళ్లీ ఆ తెగినచోటికే పోతుంది. ఇవి మెషీన్‌కి తెలియవు.

అందుకే ఇకమీదట నిష్పత్తి కలవని ఫైల్‌కి రెండు నమూనాలు పంపుతాం: ఒకటి మేం కూర్చుని చూసి కోసింది, రెండోది ఏమీ కోయకుండా తెల్ల అంచుతో. 3:2 ఫొటో అయితే బొమ్మ 10×6.67 అంగుళాలు వస్తుంది, పొడవు వైపులు రెంటికీ 0.67 అంగుళం తెలుపు మిగులుతుంది. మా ఓటు రెండోదానికే. మీరు సరేనన్నాకే ప్రింట్ వేస్తాం కాబట్టి ఒక రోజు ఆలస్యమవుతుంది.

తీసేటప్పుడే 8×10 అని తెలిస్తే ఒక అడుగు వెనక్కి వేయండి. పొడవు కొసల్లో ఒక్కోవైపు పన్నెండో వంతు మేర ముఖ్యమైనదేదీ ఉండకుండా చూడండి. వంకరగా వచ్చిన నేల గీతని తర్వాత తిప్పి సరిచేసినా అంచులు పోతాయి, ఆ జాగా కూడా లెక్కలో పెట్టుకోండి.

ప్రింట్ చీకటిగా వచ్చిందనే మాట కూడా వింటున్నాం. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితానికి గదిలో వెలుతురే దిక్కు. తెర వెలుగు పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తే, కాగితం మీద నల్లజుట్టు ముదురు గోడలో కలిసిపోయి తల ఆకారమే కనబడదు. అన్ని ఫైళ్లకీ ఒకే మోతాదులో వెలుగు పెంచడం మాకు సులువే, కానీ తెల్లచొక్కా మడతలు మాయమైపోతాయి. తెర వెలుగు సగానికి దించి చూడండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమవైపు, వెలుగు కుడివైపు ఎంతుందో చూపే గ్రాఫ్) ఎడమ గోడకి గుట్టగా ఆనుకుని ఉంటే షాడోలు, అంటే చీకటి భాగాలు మాత్రం కాస్త ఎత్తండి. నాయిస్ రిడక్షన్ (ఫొటోలోని గరుకు చుక్కల్ని నున్నగా చేసేది) గట్టిగా పెట్టకండి, బట్ట నేత మైనం పూసినట్టు అయిపోతుంది.

8×10కి 2400×3000 పిక్సెళ్లు ఉంటే నిశ్చింత. చాట్‌లో ఫొటోగా పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇప్పటికే తెగిన ప్రింట్ అందుకున్నవాళ్లు ఆర్డర్ నంబర్, అసలు ఫైల్ పంపితే డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసిస్తాం.