ఎడారి సామ్రాజ్యపు ప్రజల గురించి ఒక పుస్తకం: విరాళాల కోసం ఆలయ కమిటీ విజ్ఞప్తి

భక్త మహాశయులకు, దాతలకు, శ్రేయోభిలాషులకు ఆలయ నిర్వాహక కమిటీ నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా, మన ఆలయ గ్రంథాలయంలో కలుసుకునే యువతీయువకులు ఒక ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ కోసం ఎడారి సామ్రాజ్యం ఒకటి కల్పించి, అందులోని మనుషులు ఎలా బతుకుతారు, దేన్ని పూజిస్తారు, ఏ ధర్మానికి కట్టుబడతారు అన్నది శ్రద్ధగా రాస్తున్నారు. ఆ రచనను బొమ్మలతో, పటాలతో పుస్తకంగా అచ్చు వేయించి, ఆడదలచిన వారందరికీ ఉచితంగా అందజేయాలని కమిటీ తీర్మానించింది. ఆ ఖర్చు కోసమే ఈ విజ్ఞప్తి.

ఈ తరహా ఆట పరిచయం లేని పెద్దల కోసం రెండు మాటలు చెప్పాలి. 1974లో తొలిసారి అచ్చయి వెలువడిన ఈ ఆటలో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. గేమ్ మాస్టర్ అనే వ్యక్తి ఒక లోకాన్ని వర్ణిస్తూ ఉంటే, మిగతావారు తలా ఒక పాత్ర ధరించి, ఆ పరిస్థితిలో తమ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెబుతారు. ఫలితం అటో ఇటో తేలని చోట పాచికలు వేస్తారు. ఆడేవారు గంటల తరబడి మరొకరి కళ్లతో లోకాన్ని చూస్తారు కాబట్టి, ఆ మరొకరు ఎవరన్నది చిన్న విషయం కాదు.

ఇటువంటి ఆటల్లో ఎడారి ప్రజలకు తరచుగా న్యాయం జరగడం లేదు. ఎల్ఫ్‌లనే కల్పిత మాయాజాతికి, భూగర్భంలో నివసించే మరుగుజ్జులకు వంశచరిత్రలూ భాషలూ పాటలూ ఉంటాయి. ఎడారిలోని మనిషికి మాత్రం ఒక ముసుగు, ఒక వంకర కత్తి, ఒక ఒంటె ఇచ్చి, పైన ఒక క్రూరుడైన సుల్తానును కూర్చోబెట్టి సరిపెడతారు. ఆ మనిషి పిల్లలకు ఏం నేర్పుతాడు, పొరుగువాడితో తగవు వస్తే ఎవరి దగ్గరికి వెళతాడు, చనిపోయిన వారిని ఎలా తలుచుకుంటాడు అన్న ప్రశ్నలే తలెత్తవు. మన యువత ఆ ప్రశ్నలతోనే మొదలుపెట్టారు. వెదికిన కొద్దీ వారికి జవాబు ఒకే వైపు నుంచి వచ్చింది: ఎడారిలో చట్టమైనా, హోదా అయినా, భక్తి అయినా నీటిని పంచుకునే పద్ధతిలోంచి పుట్టుకొస్తాయి.

దీనికి పారశీక దేశపు కనాత్‌లు అన్నిటికంటే గొప్ప ఉదాహరణ. కొండపాదంలో లోతైన తల్లి బావి తవ్వి, అక్కడి భూగర్భజలాన్ని స్వల్పమైన వాలుతో సాగే సొరంగం గుండా దూరంగా ఉన్న పొలాలకు పారిస్తారు. ఎత్తిపోసే యంత్రం ఏదీ అక్కర్లేదు, నేల వాలే నీటిని నడిపిస్తుంది. ఈశాన్య ఇరాన్‌లోని గొనాబాద్ కనాత్ తల్లి బావి లోతు 300 మీటర్లకు పైమాటే. ఈ కనాత్‌లలో పదకొండింటిని యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండిన నేలకు కొత్తగా ఊటనీరు తెచ్చినవారికి ఆ భూమిని ఐదు తరాల పాటు సాగు చేసుకునే హక్కును పారశీకులు ఇచ్చేవారని క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. ఒక్క ఆటకే కాదు, ఒక సామ్రాజ్యానికే పునాది వేయగల చట్టం ఇది. తాత తవ్విన సొరంగంపై మనుమడి మనుమడికి హక్కు ఉన్నప్పుడు, ఐదవ తరం వాడి ఇంట్లో ఎంత ఆందోళన ఉంటుందో, ఆ గడువు తీరే ఏడాది ఊరంతా ఎలా చీలిపోతుందో ఊహించండి. మన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం ఈ గడువు చుట్టూనే నడుస్తుంది.

పారిన నీటిని పంచడం మరో విద్య. ఇరాన్‌లో అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను పెద్ద పాత్రలోని నీటిపై వదిలి, అది నిండి మునిగేంత సేపును ఒక వంతుగా లెక్కించేవారు. ఆ లెక్క చూసే మనిషి మాటకు ఊరు కట్టుబడేది. అల్జీరియాలోని తువాత్, గురారా ప్రాంతాల్లో కాలువ నోట దువ్వెన పళ్ల వంటి సందులున్న అడ్డును అమర్చి, ఎవరి వాటాకు తగిన వెడల్పుతో వారి సందును వదులుతారు. తువాత్, తిదికెల్త్ ప్రాంతాల్లో ఆ కొలతలు వేసేవారి విద్య కొత్త తరానికి అందక అంతరించిపోయే స్థితికి వచ్చిందని 2018లో యునెస్కో దాన్ని అత్యవసరంగా కాపాడవలసిన వారసత్వాల్లో చేర్చింది. మన ఆటలో యోధుడు, మాంత్రికుడు అన్న పాత్రలతో పాటు నీటి కొలతగాడు అన్న పాత్రను కూడా ఎంచుకోవచ్చు. కత్తి పట్టని ఈ పాత్రే సామ్రాజ్యంలో అందరికంటే బలమైనది కావాలన్నది కమిటీ కోరిక కూడా.

మాంత్రికుడి విషయంలో యువత చాలాసేపు చర్చించి ఒక నిర్ణయానికి వచ్చారు. మంత్రంతో నీళ్లు పుట్టించగలిగే లోకంలో కనాత్ తవ్వేవాడు ఉండడు, కొలతగాడు ఉండడు, ఆ హక్కుల చట్టమూ ఉండదు; ఎడారి వట్టి నేపథ్య చిత్రంగా మిగిలిపోతుంది. అందుకని ఈ లోకంలో మాంత్రికులు భూమిలో నీరు ఎక్కడుందో వినగలరు తప్ప ఒక్క చుక్కను కూడా సృష్టించలేరు. ఇది సరైన నిర్ణయమని మేము నమ్ముతున్నాం.

ఎడారి ప్రజలందరూ ఒకే మాట మీద ఉంటారనుకోవడం కూడా తప్పు. అరేబియా ఎడారి జాతి అయిన నబాతియన్లు తొలినాళ్లలో ధాన్యం విత్తకూడదని, పండ్ల చెట్లు నాటకూడదని, మద్యం తాగకూడదని, ఇల్లు కట్టకూడదని నియమం పెట్టుకున్నారని, ఇవన్నీ ఉన్నవాణ్ణి బలవంతులు సులువుగా లొంగదీసుకుంటారన్నది వారి భయమని, మీరినవారికి మరణదండనేనని డియోడోరస్ అనే చరిత్రకారుడు తెలిపాడు. వారు సన్నని మూతి, లోపల విశాలమైన గది ఉండేలా భూమిలో తొట్లు తవ్వి, వాననీటితో నింపి, తమకు మాత్రమే తెలిసే గుర్తులు పెట్టి మూసేసేవారట. ఆ జాతివారే తరువాతి కాలంలో పెట్రా నగరాన్ని కొండల్లో తొలిచారు. క్రీస్తుశకం 106లో వారి రాజ్యం రోము సామ్రాజ్యంలో కలిసిపోయింది. పాత నియమం నిలబెట్టుకున్న పెద్దలకూ, రాతి నగరం కట్టుకున్న పిల్లలకూ మధ్య ఏ మాటలు నడిచి ఉంటాయో చరిత్ర చెప్పదు గానీ, ఆట చెప్పించగలదు.

బేరసారాల సంగతీ అంతే లోతైనది. సిరియాలోని పాల్మైరాలో సుంకం వసూలుచేసేవారికీ వర్తకులకూ తరచూ తగాదాలు వస్తుంటే, 137లో నగరసభ సుంకాల పట్టికను గ్రీకులోనూ స్థానిక అరమాయిక్‌లోనూ రాతిపై చెక్కించింది. 1352లో సహారా దాటిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, తఘాజా అనే ఉప్పు గనుల ఊరిలో ఇళ్లూ మసీదూ ఉప్పు దిమ్మెలతో కట్టి ఒంటె తోళ్లు కప్పి ఉండడం చూశాడు. ఆ ఉప్పు తవ్వేవారు బానిసలు. వారి కష్టాన్ని పుస్తకంలో దాచిపెట్టకూడదని నిర్ణయించాం. బిడారు కంటే ముందుగా తక్షీఫ్ అనే ఒంటరి దూత ఎడారి అవతలి వలాటా పట్టణానికి ఉత్తరాలు పట్టుకుని వెళితే, అక్కడివారు నీళ్లతో ఎదురొచ్చేవారని, దారిలో ఆ దూత మరణిస్తే బిడారులో చాలామంది చనిపోయే ప్రమాదం ఉండేదని కూడా ఆయన రాశాడు.

ఇక ఆలయ కమిటీకి ఈ పనితో సంబంధమేమిటని కొందరు భక్తులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఎడారిలో దాహం తీర్చడం ఆరాధనలో భాగం. కైరోలో 1744లో అబ్ద్ అల్ రహ్మాన్ కత్ఖుదా కట్టించిన కట్టడం నేటికీ నిలిచి ఉంది. కింద బాటసారులకు ఉచితంగా మంచినీళ్లు, పైన పిల్లలకు చదువు చెప్పే గది. మన చలివేంద్రం మీద ఒక బడి కట్టినట్టన్నమాట. థార్ ఎడారిలో 1485లో జాంభోజీ స్థాపించిన బిష్ణోయీ సంప్రదాయం పచ్చని చెట్టును నరకడాన్ని నిషేధించింది. 1730లో ఖేజడ్లీ గ్రామంలో జమ్మి చెట్లను కాపాడుతూ 363 మంది ప్రాణాలిచ్చారు. నీళ్లు పోసినా, చెట్టును కౌగిలించుకుని నేలకొరిగినా, అది దైవసేవే అని నమ్మిన మనుషుల గురించి మన పిల్లలు చదివి, వారి స్థానంలో నిలబడి ఆలోచిస్తున్నారంటే, దానికి ఆలయం చోటివ్వక మరెవరిస్తారు?

ఒక జాగ్రత్త తీసుకుంటున్నాం. నేడు సజీవంగా ఉన్న ఏ మతపు దైవాన్నీ ఆటలోకి తీసుకురాము. ఒక ఆచారాన్ని ఏ నేల నుంచి, ఏ ప్రజల నుంచి తీసుకున్నామో పుట అంచున స్పష్టంగా అచ్చవుతుంది. సహారా ఎడారి ప్రజలైన ట్వారెగ్‌ల సమాజంలో ముఖానికి ముసుగు కట్టుకునేది పురుషులని, దంపతులు నివసించే గుడారం భార్యదని తెలిశాక, ముందు గీసిన బొమ్మలు కొన్ని పక్కన పెట్టి మళ్లీ గీస్తున్నారు. ఈజిప్టులోని సీవా ఒయాసిస్‌లో ఉప్పుమట్టితో కట్టిన షాలీ దుర్గం 1926 నాటి వానలకు కరిగి దెబ్బతిన్నదని చదివి, వానను వరంగానూ విపత్తుగానూ చూసే పండుగ ఒకటి కల్పించారు.

విరాళాలు కాగితానికి, అచ్చుకూలికి, చిత్రకారుల పారితోషికానికి, చూపు మందగించినవారి కోసం పెద్ద అక్షరాల ప్రతులకు, పాచికల పెట్టెలకు వినియోగమవుతాయి. నిత్య పూజల నిధి నుంచి గానీ, అన్నదానం నిధి నుంచి గానీ ఈ పనికి ఏమీ తీయము. ఎవరైనా తృణమో పణమో తమ శక్తికొద్దీ ఇవ్వవచ్చు. డబ్బు ఇవ్వలేనివారు ఎడారి దేశాల చరిత్ర పుస్తకాలు, పాత పటాలు ఇచ్చినా, అచ్చుతప్పులు దిద్దిపెట్టినా అంతే కృతజ్ఞతతో స్వీకరిస్తాం. ఇచ్చిన ప్రతి మొత్తానికి ఆలయ కార్యాలయంలో రసీదు అడిగి తీసుకోవలసిందిగా మనవి. జమాఖర్చుల లెక్క ఆలయ నోటీసు బోర్డులో పెడతాం. మిగులు ఏమైనా ఉంటే గ్రంథాలయానికి చేరుతుంది.

దాతల పేర్లు పుస్తకం చివరి పుటల్లో అచ్చు వేస్తాం. పేరు వద్దనుకునేవారు, లేదా గతించిన తమవారి పేరు వేయించదలచినవారు, రసీదు రాయించుకునేటప్పుడే ఆ మాట చెప్పవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఆలయ నిర్వాహక కమిటీ