‘సోషల్ మీడియా’ అన్నది ఫొటో సౌజన్యం కాదు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో మీమ్ వేసినప్పుడల్లా దాని కింద కనిపించే మాట దాదాపు ఒకటే: ‘సౌజన్యం: సోషల్ మీడియా’. పక్కన వ్యాసం ఉంటే ‘ఇది ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు’ అన్న వాక్యం కూడా ఉంటుంది. ఈ రెండు అలవాట్లూ మానుకోమని కోరడానికే ఈ ఉత్తరం. పేరుపడ్డ మీమ్‌లలో చాలావాటి వెనక ఫొటో తీసినవారో, బొమ్మ గీసినవారో, ఆ మాట మొదట రాసినవారో ఉన్నారు. వాళ్ల పేర్లూ తేదీలూ దొరుకుతాయి. వెతకడం తెలిసినవాళ్లకు చాలావరకు ఒక్క పూట పని.

అసలు తికమక ‘పుట్టుక’ ఒక్కటే అనుకోవడంలో ఉంది. బొమ్మ ఒకచోట పుడుతుంది, దానికి అంటుకున్న మాట మరోచోట, ఆ రెంటినీ కలిపి వాడే పద్ధతి ఇంకోచోట. ‘డోజ్’ అనే కుక్క మీమ్‌నే చూడండి. జపాన్‌లోని సకురా నగరంలో ఉండే కిండర్‌గార్టెన్ టీచర్ అత్సుకో సాటో, తన షిబా ఇనూ కుక్క కబోసు ఫొటోలను 2010 ఫిబ్రవరిలో తన బ్లాగులో పెట్టారు. సోఫా మీద ముందుకాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకుని ఓరకంట చూసే ఫొటో వాటిలోదే. ‘డాగ్’కు ‘డోజ్’ అన్న తప్పు స్పెల్లింగ్ మాత్రం అంతకు ఐదేళ్ల ముందే, 2005లో, ఒక అమెరికన్ వెబ్ కార్టూన్ వాళ్ల వీడియోలో వచ్చింది. ఫొటో చుట్టూ రంగురంగుల కామిక్ సాన్స్ అక్షరాల్లో, వ్యాకరణం కుదరని ఇంగ్లిష్ ముక్కలు రెండేసి మాటలుగా చల్లడం 2013లో ఊపందుకుంది. ఆ డిసెంబరులోనే దాని పేరుతో డోజ్‌కాయిన్ అనే క్రిప్టో కరెన్సీ వచ్చింది. ‘డోజ్ ఎప్పుడు పుట్టింది’ అంటే 2005, 2010, 2013 మూడూ సరైన జవాబులే. ఏది మాటకు, ఏది ఫొటోకు, ఏది వాడే తీరుకు అన్నది చెప్పకపోతే మాత్రం మూడూ తప్పే.

పక్కన ప్రేయసి ఉండగా వెనక్కి తిరిగి మరో అమ్మాయిని చూసే యువకుడి ఫొటో మీరూ చూసే ఉంటారు. దాన్ని స్పెయిన్ ఫొటోగ్రాఫర్ ఆంటోనియో గిల్యెమ్ 2015లో జిరోనాలో మోడల్స్‌తో తీసి, అమ్మకానికి స్టాక్ ఫొటోల సైట్‌లో పెట్టారు. 2017 జనవరిలో ఒక టర్కిష్ ఫేస్‌బుక్ పేజీ దాన్ని సంగీతం మీద జోకుకు వాడింది. ప్రపంచమంతా పాకింది మాత్రం ఆ ఆగస్టులో. ఇంతగా ఎందుకు పాకిందో ఫొటోలోనే ఉంది. ముగ్గురు మనుషులు, మూడు ఖాళీలు: నేను, నాకున్నది, నన్ను లాగుతున్నది. ముఖాల్లోని భావం బొటనవేలంత సైజులో కూడా తెలిసిపోతుంది కాబట్టి ఏ భాషలో పేర్లు తగిలించినా అర్థం మారదు. దాని కింద ‘సోషల్ మీడియా సౌజన్యం’ అని వేయడమంటే, లైసెన్సు కొని వాడాల్సిన ఫొటోకు యజమానే లేడని పాఠకులకు చెప్పడం.

మాటలదీ ఇదే తీరు, కాకపోతే ఇంకా పాతది. జనం నోళ్లలో నానే పంచ్ మాటలు ఇప్పటి పిల్లలు తెచ్చిపెట్టిన జాడ్యమన్నట్టు రాసే కాలమ్‌లు అచ్చవుతుంటాయి. అది నిజం కాదు. ‘ఓకే’ అన్న మాట 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ లాంటి మాటలకు కావాలని తప్పు స్పెల్లింగ్‌తో పొట్టి అక్షరాలు కట్టడం అప్పట్లో అక్కడి పత్రికల సరదా. దాన్ని 1960లలో తవ్వి తీసింది అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు, పాత పత్రికలు తిరగేసి. లండన్ వీధుల్లో ఒక్కో మాట కొన్నాళ్లు ఊరంతా మోగి, తర్వాత జాడ లేకుండా పోవడం గురించి రచయిత చార్లెస్ మెకే 1841లోనే రాశారు.

తప్పుల సంగతి చెప్పాను కనుక మీ డెస్క్‌కు ఒక మనవి. మీమ్‌లోని తప్పును దిద్దకండి. ‘ఆల్ యువర్ బేస్ ఆర్ బిలాంగ్ టు అజ్’ అన్న వాక్యం జపాన్ కంపెనీ టోప్లాన్ తయారుచేసిన ‘జీరో వింగ్’ వీడియో గేమ్‌ను మెగా డ్రైవ్ అనే గేమ్ యంత్రం కోసం యూరప్‌లో విడుదల చేసినప్పుడు దొర్లిన వంకర అనువాదం. 2001 నాటికి నెట్ అంతటా దాన్నే వల్లించారు. ఆ వంకర వల్లే అది గుర్తుండిపోయింది, ఆ వంకర వల్లే వెతికితే దొరుకుతుంది. సబ్ఎడిటర్ వ్యాకరణం సరిచేసిన క్షణాన జోకూ పోతుంది, వెతికే దారీ మూసుకుపోతుంది.

మూలం నిజంగానే చెరిగిపోయే సందర్భాలు లేవని కాదు. 2003లో మొదలైన ఫోర్‌చాన్ అనే చర్చల సైట్ అందుకు పెద్ద కారణం. అక్కడ పేరు పెట్టక్కర్లేదు, పాత చర్చలు వాటంతటవే తొలగిపోతాయి. 2011లో వెలువడిన ఒక అధ్యయనం ఆ సైట్‌లో బాగా రద్దీగా ఉండే విభాగాన్ని లెక్కగడితే, సగం చర్చల ఆయుష్షు 3.9 నిమిషాలకు మించలేదని తేలింది. అంత వేగంగా మాయమయ్యే చోట, ఎవరో ఒకరు తమ కంప్యూటర్‌లో దాచుకుని మళ్లీ పెట్టిన బొమ్మే బతుకుతుంది. మళ్లీ పెట్టినవారి తేదీ మిగులుతుంది, మొదట పెట్టినవారిది పోతుంది.

ఇక వెతకడం. ఫోన్ స్క్రీన్‌షాట్ యథాతథంగా ఇచ్చి వెతికితే యాప్ అంచులు, బ్యాటరీ గుర్తు, పైన రాసిన డైలాగ్ కలిసి ఫలితాలను పక్కదారి పట్టిస్తాయి. బొమ్మ మేరకే కత్తిరించి, బొమ్మతో బొమ్మను వెతికే గూగుల్ లెన్స్, టిన్ఐ రెండింట్లోనూ వెతకాలి. దొరక్కపోతే బొమ్మను కుడిఎడమలు తిప్పి మళ్లీ చూడాలి, ఎందుకంటే కాపీ కొట్టినవాళ్లు తరచూ చేసే పని అదే. లెన్స్ మామూలుగా పోలికలున్న బొమ్మలు చూపిస్తుంది కాబట్టి అచ్చంగా అదే బొమ్మ చూపే ఎంపికకు వెళ్లాలి. టిన్ఐలో ‘అతి పాతది’ అని వరుస పెట్టొచ్చు. అయితే ఆ తేదీ టిన్ఐ కంటపడిన తేదీయే తప్ప ప్రచురించిన తేదీ కాదు. గూగుల్ చూపే తేదీలోనూ ఒక ఉచ్చు ఉంది. పేజీ 2009 నాటిదైనా, పక్క పట్టీలో నిన్న చేరిన బొమ్మకు కూడా ఆ 2009 తేదీయే కనిపించవచ్చు. పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్‌లో పేజీని ఒక తేదీన, అందులోని బొమ్మను మరో తేదీన భద్రపరిచి ఉండొచ్చు, రెండూ విడివిడిగా చూడాలి.

ట్విటర్ (ఇప్పుడు ఎక్స్) పోస్టు అయితే లింకు చివరి పెద్ద అంకె మీకు సాక్ష్యం. దాన్ని 41,94,304తో భాగించి, వచ్చిన పూర్ణాంకానికి 1288834974657 కలపండి. 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లలో, గ్రీనిచ్ కాలమానంలో, పోస్టు చేసిన క్షణం తేలుతుంది. 2010 నవంబరు తర్వాతి పోస్టులకే ఇది పనికొస్తుంది. స్క్రీన్‌షాట్ మీది గంటా తేదీ మాత్రం చూసినవారి ప్రాంతాన్నిబట్టి మారతాయి, ఒక రోజు తేడా రావడం మామూలే.

రెండు కాపీల్లో ఏది పాతదో తేదీలు చెప్పకపోతే బొమ్మే కొంత చెబుతుంది. ఫొటోలను కుదించి దాచే జేపెగ్ పద్ధతి బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడులుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. చేతులు మారి మళ్లీ మళ్లీ సేవ్ అయ్యేకొద్దీ అక్షరాల అంచుల చుట్టూ దుమ్ములాంటి మచ్చలు చేరతాయి. రంగు సమాచారాన్ని సాధారణంగా తక్కువ వివరంతో దాస్తుంది కాబట్టి ఎర్ర అక్షరాలు ముందుగా అలుక్కుపోతాయి. అంచులు ఎక్కువగా మిగిలి, అక్షరాలు పదునుగా ఉన్న కాపీ మూలానికి దగ్గరిదని ఒక అంచనాకు రావచ్చు. ఏఐతో పదును పెట్టిన కాపీలు వచ్చాక ఇది ఒక్కటే చూసి తేల్చేయకూడదు. మూలలో గీసినవారి సంతకం కోసిన ఆనవాలు ఉందేమో తప్పక చూడాలి.

వాట్సాప్‌లో వచ్చినదైతే రెండు బాణాల గుర్తును కొలమానంగా తీసుకోకండి. కనీసం ఐదు చేతులు మారిన సందేశానికి అది వస్తుంది, 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. కానీ ఎవరైనా బొమ్మను గ్యాలరీలోకి దించుకుని కొత్తగా జతచేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

మూలంతోపాటు అర్థం మారిన దారి కూడా రాయాలి. మాట్ ఫ్యూరీ 2005లో గీసిన పెపె కప్ప ఒక బద్ధకపు కామిక్ పాత్ర. జాతివిద్వేషకులు దాన్ని లాక్కున్నాక 2016లో అమెరికాలో విద్వేషాన్ని ఎదిరించే సంస్థ యాంటీ డిఫమేషన్ లీగ్, వాళ్లు వాడిన రూపాలను విద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. 2019లో హాంకాంగ్ నిరసనకారులు అదే కప్పను స్వేచ్ఛకు గుర్తుగా పట్టుకున్నారు. అనుమతి లేకుండా తన కప్పతో పోస్టరు అమ్మిన ఇన్ఫోవార్స్ అనే అమెరికన్ కుట్ర సిద్ధాంతాల సైట్ సంస్థ నుంచి ఫ్యూరీ అదే ఏడాది 15,000 డాలర్లు రాబట్టుకున్నారు. బొమ్మ చేయి దాటిపోయినా గీసినవారి హక్కు పోలేదు. ఏ ఏట, ఎవరి చేతిలో అన్నది రాయకుండా ఆ కప్పను అచ్చువేస్తే, గీసిన మనిషికి చేయని నేరం అంటగట్టినట్టే.

అందుకే అడుగుతున్నాను. మీమ్ వేసిన ప్రతిసారీ ఫొటో తీసినవారి లేదా గీసినవారి పేరు, ఏడాది, మొదట వచ్చిన చోటు ఒక్క లైనులో ఇవ్వండి. వెతికినా తేలకపోతే ‘దొరికినంతలో అతి పాత కాపీ ఫలానా తేదీది’ అని రాయండి, దాన్ని పుట్టిన తేదీగా మాత్రం రాయకండి. అంతకంటే పాతది పాఠకులెవరైనా చూపిస్తే సవరణల్లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు